అత్తగార్ల ముక్కు

మా అన్నయ్య చేసిన ఆఖరి పని, మా ఇంటి వెనక గోడకున్న ప్యానెల్ పెట్టె ముందు పీట వేసుకుని, నల్లటి ముద్దనొకదాన్ని అరచేతిలో పిసికి, బొటనవేలితో పైపు మూతిలోకి నొక్కడం. తర్వాత చేతులు కడుక్కుని, టీ తాగి వెళ్లిపోయాడు. నాలుగోరోజు పొద్దున చొక్కాలో ఒక చెయ్యి దూర్చి, రెండో చెయ్యి దూర్చకుండానే మంచం మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

అప్పటికి మా మధ్య మాటలు సరిగా లేవు. తప్పు నాది. అయినా పెద్దమనసు చేసుకుని నేనే అతన్ని క్షమించే పనిలో ఉన్నాను.

అన్నయ్య ఎలక్ట్రీషియన్. వీధి కాలువకంటే పల్లంలో ఉన్న ఇళ్లకి సెప్టిక్ ట్యాంకులో పంపు పెట్టాలి. పంపు తీగా, నీటిమట్టం చూసే ఫ్లోటు తీగా ఒకే పైపులోంచి గోడమీది పెట్టెలోకి వస్తాయి. వాటి వెంట ట్యాంకులోని గాలి కూడా వస్తుంది, పిలవని చుట్టంలా. పెట్టెలో రాగి నల్లబడుతుంది, స్విచ్చులు మొరాయిస్తాయి, కర్మ కాలితే ఆ గాలే రవ్వకి అంటుకుంటుంది. ఆ పైపు మూతి మూయడం అందరూ చిట్టచివర, ఇంటికెళ్లే తొందరలో చేసే పని. అన్నయ్య దాన్నే తన విద్య చేసుకున్నాడు. గుడ్డపీలికలు కుక్కేవాళ్లని మనుషుల్లో జమకట్టేవాడు కాదు. తను వాడేది ఎన్నేళ్లయినా గట్టిపడని ముద్ద. అందుకే అందరికీ ముద్దల మేస్త్రీ అయ్యాడు. ముప్పై ఏళ్లలో ఒక్క ఇంటివాళ్లు కూడా తనని రెండోసారి పిలవాల్సి రాలేదన్నది అతని గర్వం. ఇంకో గర్వానికి జీవితం అతనికి పెద్దగా అవకాశం ఇవ్వలేదు.

కొన్నేళ్లుగా దానికో పద్ధతి కూడా పెట్టాడు. పని అయ్యాక పెట్టె తలుపు కాసేపు బిగించి ఉంచి, ఆ ఇంటి అత్తగారిని పిలిపించేవాడు.

"అమ్మగారూ, తలుపు తీస్తాను. వంగి వాసన చూడండి."

"నేనా? నాకేం తెలుసు నాయనా కరెంటు సంగతి?"

"కరెంటు సంగతి నాకు తెలుసండీ. తప్పు పట్టడం మీకు తెలుసు."

ఆవిడ ఏమీ లేదంటేనే సంచీ సర్దేవాడు. ఈ ముచ్చట నేను నలుగురిలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ అత్తగారి ముక్కు కొంచెం పొడుగు చేసేవాణ్ణి.

"నవ్వుకో," అనేవాడు అన్నయ్య. "రెండు తీగలు ఆనుకున్నచోట వెంట్రుకంత సందు ఉంటుంది. అది కంటికి దొరకదురా. ముక్కుకే దొరుకుతుంది."

మా ఇంటికి పంపు పెట్టిన రోజున మా ఇంట్లో అత్తగారు లేరు. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. మా ఆవిడ ఊళ్లో లేదు. మిగిలింది నేను. తొలి వాన వాసన గురించి మూడు పేజీలు రాసి మెప్పు పొందినవాణ్ణి.

"ఒరేయ్, వచ్చి చూడు."

రాస్తున్న వాక్యం మధ్యలోంచి లేచి, పెట్టెకి మూడడుగుల దూరంలో నిలబడి, ఊపిరి బిగబట్టి, "శుభ్రంగా ఉంది," అన్నాను.

"వంగి చూశావా?"

"చూశాను."

నమ్మాడు. తలుపు బిగించి వెళ్లిపోయాడు.

వారం తర్వాత మా ఆవిడ వచ్చి, చేతిలో సంచీ దించకుండానే, "ఏమిటీ కంపు? బావగారికి చెప్పండి," అంది. చెబితే అన్నయ్య నొచ్చుకుంటాడని నా సున్నితమైన మనసుకి తోచింది. వేరే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను. అతను రెండు తీగల మధ్య స్క్రూడ్రైవర్ మొన పెడితే సులువుగా దిగిపోయింది. ఏదో పూసి వెళ్లాడు. పోతూ పోతూ హార్డ్‌వేర్ షాపులో ఆ సంగతి చెప్పాడు. సాయంత్రానికల్లా అన్నయ్యకి తెలిసింది.

మర్నాడు పిలవకుండానే వచ్చాడు.

"నన్ను పిలవడానికి నామోషీ అయిందా?"

"అది కాదన్నయ్యా. నువ్వు బాధపడతావని."

"ఇప్పుడు చూడు, ఎంత సంతోషంగా ఉన్నానో."

పూసిందంతా గీకేశాడు. తీగల్ని విడదీసి, మధ్యలో సన్నగా ముద్ద దూర్చి, చుట్టూ నొక్కడం మొదలుపెట్టాడు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు.

"అంత కంపు కొడుతుంటే ఆ రోజు నీకు తెలియలేదా? నీ ముక్కుకేమైంది?"

అతని బొటనవేలు ఆగింది.

"నువ్వు చూశానన్నావుగా."

"నేను కథలు రాసుకునేవాణ్ణి. మేస్త్రీవి నువ్వు."

మిగతా ముద్ద నొక్కాడు. తలుపు బిగించి, మెట్టుమీద గంటసేపు కూర్చున్నాడు. తలుపు తీసేటప్పుడు నేను లేవబోయాను.

"నువ్వొద్దు. అమ్మాయిని పిలువు."

మా ఆవిడ తల పెట్టెలో పెట్టినంత పనిచేసింది. "ఏమీ లేదు బావగారూ."

"ఇంకోసారి చూడమ్మా."

"నిజంగా లేదండీ."

అప్పుడు టీ అడిగాడు.

అతను పోయిన కొన్నాళ్లకి వదిన అతని పనిసంచీ నాకిచ్చింది. అడుగున ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ముద్ద, దానిమీద బొటనవేలి గుర్తు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"నూనె వాసన ఇంకా పోలేదు వదినా."

"మీ అన్నయ్యకి ఆ వాసన తెలీదు," అంది వదిన. "ఒకసారి పెద్ద జ్వరం వచ్చినప్పుడు ముక్కు పోయింది. తొమ్మిదేళ్లయింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"వద్దన్నారు. వాడికి చెబితే కథ చేసి నలుగురికీ చెబుతాడు, అన్నారు."