జనుము కాయా, పెదనాన్న పన్నూ

ఆ రోజుల్లో పేపర్లో పడిందంటే జనం నమ్మేవాళ్లు. నమ్మడమంటే ఊరికే తలాడించడం కాదు, చేసి చూసేవాళ్లు. ఆ సంగతి నాకు తెలిసొచ్చిన ఉదయం, తెనాలిలో మా ఆఫీసు మెట్లెక్కి ఇద్దరు రైతులు వచ్చారు. ఒకాయనది సంగం జాగర్లమూడి. ఇంకొకాయన రేపల్లెలో పొద్దున్నే రైలెక్కి వచ్చాడు. అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూసినవాళ్లు కాదు, మా మెట్ల దగ్గరే కలిశారు. కలిపింది మా పెదనాన్న గురించి నేను రాసిన వార్త. రేపల్లె ఆయన కండువా మూట విప్పి, ఎండిన జనుము కాయలు నా బల్ల మీద పోసి, "ముందు మీరు నమలండి సార్," అన్నాడు.

"ఎందుకండీ?"

"కాయ నమిలితే పంట తయారైందో లేదో తెలుస్తుందని మీరే కదండీ రాశారు. నాలుగు చేలల్లో కాయలు నమిలానండి. తెలిసింది ఒక్కటే, చేదు. నిన్నట్నుంచీ కాఫీ చేదు, అన్నం చేదు, మా ఆవిడ మాట కూడా చేదుగానే ఉంది."

"అది మొదట్నుంచీ అంతేనేమో బాబాయ్," అన్నాడు జాగర్లమూడి ఆయన. (నవ్వినప్పుడు ఆయన పళ్ల సందుల్లో కాయ మీది నూగు ఇంకా కనిపిస్తోంది. ఆయన ఎన్ని నమిలాడో నేను అడగలేదు.)

లోపలి గదిలోంచి మా డెస్క్ ఇన్‌ఛార్జి అంతా విన్నాడు. రాసినదాంట్లో సగం కోసి పారేస్తాడని ఆయన్ని కత్తెర గారు అనేవాళ్లం. రైతులిద్దరికీ టీ తెప్పించి పంపించేసి, నన్ను పిలిచాడు. "రేపటి పేపర్లో సవరణ పడాలి. మీ పెదనాన్న అసలు ఏం చేస్తాడో వెళ్లి చూసి రా. ఈసారైనా చూసి రాయి. మళ్లీ తప్పు రాస్తే, నీ సీట్లో కూర్చోడానికి ఇద్దరు కుర్రాళ్లు కాసుకుని ఉన్నారు."

అసలు జరిగింది ఇది. మా వైపు వరి కోతలకు ముందు చేలో జనుము చల్లుతారు. చాలామంది పశువుల మేతకి కోసేస్తారు. కొందరు మాత్రం విత్తనానికని వదిలేస్తారు. పచ్చటి పూలు రాలాక ఉబ్బిన కాయలు వస్తాయి, పైన ముట్టుకుంటే మెత్తటి నూగు. కాయ ముదిరేకొద్దీ లోపలి గింజలు తొడిమల నుంచి ఊడి, ఖాళీలో దొర్లడం మొదలుపెడతాయి. ఊపితే చప్పుడు. కాలవ గట్ల మీద పెరిగే గిలిగిచ్చ కూడా ఈ జాతిదే, చిన్నప్పుడు మా అందరి చేతుల్లో అదే ఆటవస్తువు. జనుము తొందరపడి కోస్తే గింజ పచ్చిగా ఉండి ముడతలు పడుతుంది. ఆలస్యం చేస్తే కాయలు రాలిపోతాయి. మధ్యలో ఆ నాలుగైదు రోజులు ఎప్పుడొచ్చాయో చప్పుడే చెప్పాలి. అదీ పొద్దున పూట కాదు. మంచుకి నానిన కాయ నోరు విప్పదు. మిట్టమధ్యాహ్నం గాలి తిరిగినప్పుడు చేను మొత్తం ఒక్కసారి కదిలితే, వాన ఎక్కడో పక్క ఊళ్లో పడుతున్నట్టు వినిపిస్తుంది. ఆ వాన కింద నిలబడి తడవకుండా ఎంతసేపైనా ఉండొచ్చు.

కాకుమాను దగ్గర మా పెదనాన్న ఆ చప్పుడు వినడంలో దిట్ట. ఆయనకంటూ సెంటు భూమి లేదు, జీవితమంతా ఒకరి చేలోనే పనిచేశాడు. అయినా చుట్టుపక్కల ఆసాములు ఆయన్ని పిలిపించకుండా జనుము మీద కొడవలి పెట్టేవాళ్లు కాదు. మామూలు రోజుల్లో ఆయన గట్టు దిగి దారిచ్చేవాడు. ఆ వారం మాత్రం వాళ్లు దిగి ఆయనకి దారిచ్చేవాళ్లు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఆదివారం చర్చి అయ్యాక ఆయన్ని గట్టు మీంచి చూశాను. (కీర్తన అందరూ ముగించాక ఆఖరి చరణం ఆయనొక్కడే పాడేవాడు. దేవుడి దగ్గర తొందరెందుకనుకునే మనిషి అని మురిసిపోయేవాళ్లం.) చేను మధ్యలో నిలబడి, కళ్లు మూసుకుని, కాయ పంటి కింద పెట్టుకున్నాడు. కాసేపటికి బయటికొచ్చి, ఆసామితో "ఇంకో నాలుగు రోజులు ఆగండి," అన్నాడు. రుచి చూస్తున్నాడని నేనే అనుకున్నాను. అడగలేదు. అడిగితే వార్త చెడిపోతుందని భయం. "పంటి కింద పంట" అని శీర్షిక పెట్టి పంపితే, కత్తెర గారు కూడా ఒక్క ముక్క కొయ్యలేదు.

ఇప్పుడు సవరణ కోసం బాపట్ల బస్సెక్కి, పొన్నూరులో దిగి, ఆటోలో కాకుమాను చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. పెదనాన్న చేలో ఉన్నాడు, నాకు వీపు పెట్టి. "పెదనాన్నా!" అన్నాను. తిరగలేదు. దగ్గరికెళ్లి మళ్లీ పిలిచాను. మూడోసారి అరిచినంత పని చేశాను. పక్క చేలో కొంగలు లేచిపోయాయి గానీ ఆయన కదల్లేదు. కాయ తొడిమని ముందుపళ్ల మధ్య బిగించి, గోటితో కాయని తడుతున్నాడు. ఆగుతున్నాడు. మళ్లీ తడుతున్నాడు.

చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడ్డాను. ఉలిక్కిపడ్డాడు.

"ఎంతసేపైందిరా వచ్చి?"

"ఇప్పుడే."

నా మొహంలో ఏం చూశాడో, కాయ నోట్లోంచి తీశాడు. "పిలిచావా?"

తలూపాను.

చేతిలోని కాయని పక్కకి విసిరేశాడు. "నాలుగేళ్లయింది. మీ పెద్దమ్మక్కూడా చెప్పలేదు. చెవిటోడి మాట మీద ఎవడు చేను కోస్తాడ్రా?"

సవరణ సంగతి చెప్పాను, ఆయన నా పెదాలే చూస్తూ విన్నాడు. కాయ పంట్లో ఎందుకు పెట్టుకుంటావో రేపు పేపర్లో రాయాలన్నాను. ఆయన కోపగించుకోలేదు. ఇంకో కాయ తుంపి నా పళ్ల మధ్య పెట్టి, తన రెండు అరచేతులతో నా చెవులు గట్టిగా మూశాడు. లోకం ఆగిపోయింది. నేను గోటితో కాయని తట్టాను. గింజలు నా తలలోనే దొర్లాయి, ఎముక లోపల, చిన్నగా, పొడిగా. ఎండలో ఆయన మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది. వినపడిందా అన్నట్టు కనుబొమలెత్తాడు.

సాయంత్రానికి తెనాలి చేరి సవరణ రాశాను. "జనుము కాయను నమిలి రుచి చూస్తారని ప్రచురించాం. అక్కడ చూసేది రుచి కాదు, చప్పుడు. రైతులు కాయలు నమలవద్దని మనవి." కత్తెర గారు కళ్లద్దాల మీంచి చూశాడు.

"చప్పుడు చెవితో వింటారు కదయ్యా. మరి పంట్లో ఎందుకు?"

"చుట్ట మానేశాడండి. నోట్లో ఏదో ఒకటి ఉండాలి." (పెదనాన్న జన్మలో చుట్ట ముట్టలేదు. ఆ పాపం నాదే.)

"చుట్ట మానడానికి జనుము కాయ మంచిదని మాత్రం రాయకు," అని సంతకం పెట్టాడు.

తప్పు రాయడం నాకు అప్పటికే వచ్చు. తెలిసి రాయకపోవడం ఆ రోజే నేర్చుకున్నాను. ఊరంతటికీ తెలియని రహస్యం నేనొక్కడినే మోస్తున్నానని ఛాతీ విరుచుకుని తిరిగిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఎందుకంటే మరుసటి ఏడు జనుము ఎండే వేళకి నేను పెదనాన్న ఇంట్లోనే ఉన్నాను. ఆయన అరుగు మీద అటు తిరిగి కూర్చుని గొడుగు బాగుచేసుకుంటున్నాడు. ఒక ఆసామి ఆయన కోసం వచ్చాడు. రోడ్డు మీంచి కేకెయ్యలేదు. వాకిలి దాటి, అరుగు చుట్టూ తిరిగి, ఎదురుగా వచ్చి నిలబడి, పెదనాన్న తలెత్తి చూసేదాకా ఆగాడు. అప్పుడు నిదానంగా, ఒక్కో మాటా విడదీసి, "పెద్దాయనా, చేలోకి ఒకసారి వస్తారా?" అన్నాడు.

ఆ మనిషి అంతకుముందు ఏళ్లలో కూడా అలాగే వచ్చి నిలబడేవాడా, లేక నా సవరణ చదివి, పంటి కింద చప్పుడెందుకో పోల్చుకున్నాక మొదలుపెట్టాడా అన్నది నాకు ఇప్పటికీ తెలీదు.