గేసు డ్రమ్ము కోసం నౌపడ నుంచి గజపతినగరం దాకా

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందు చెప్పాలి. మూడేళ్ళ కిందట, మా ఆయన పోయినప్పుడు, ఒక ఇనప డ్రమ్ము అమ్మేశాను. దాన్ని మళ్ళీ తెచ్చుకుందామని వెళ్ళాను. నాకు సంతకం వరకే వచ్చు. మాట నాది, రాత మా కోడలు పార్వతిది. దానికిప్పుడు ఎనిమిదో నెల.

డ్రమ్ము అంటే నీళ్ళ డ్రమ్ము కాదు. మా ఆయన బ్లాకాఫీసు వాళ్ళు చూపిస్తే చూసొచ్చి, దొడ్లో నుయ్యిలాగ గుండ్రంగా గొయ్యి తవ్వాడు. లోపల ఇటుక కట్టించాడు. ఇనపరేకుతో పెద్ద డ్రమ్ము చేయించి, ఆ గోతిలో బోర్లించాడు. రోజూ పొద్దున్నే రెండు గేదెల పేడ, రెండెడ్ల పేడ నీళ్ళలో కలిపి పోసేవాడు. అది లోపల ఊరి గేసు పుట్టేది, గొట్టం గుండా వంటింట్లో పొయ్యికి వచ్చేది. అగ్గిపుల్ల గీస్తే నీలం మంట. పొగ లేదు, మసి లేదు. మొదట్లో నేను "పేడగాలితో వండిన కూడు నాకొద్దు" అని మూడు రోజులు అటుకులు తిని ఉన్నాను. నాలుగో రోజు ఊదుగొట్టం అటకమీద పడేశాను.

డ్రమ్ము పోయాక ఆ ఊదుగొట్టం మళ్ళీ దిగింది. పిడకలు, సరుగుడాకు, తాటికమ్మలు. కోడలు నిండు కడుపుతో పొయ్యి ముందు వంగి దగ్గుతూ ఉంటే చూడలేకపోయాను. కానుపు లోపల ఆ డ్రమ్ము ఇంటికి రావాలి, అదొక్కటే నా పట్టు. డ్రమ్ము కొన్నాయన అప్పట్లో నౌపడకి ఉప్పు కోసం వచ్చినోడు. లారీలో ఉప్పు బస్తాల మీద దాన్ని వేసుకుని వెళ్ళాడు. మా అబ్బాయి ఉప్పుమడుల్లోనే పని చేస్తాడు కాబట్టి లారీవాళ్ళని అడిగి ఆ ఊరు ఎక్కడో కనుక్కున్నాడు. ఇజీనగరం దాటి, గజపతినగరం రోడ్డులో ఉన్నాది.

వైశాఖంలో ఒక బుధవారం తెల్లారి ఐదింటికి ఇల్లు కదిలాను. ముండమోపి ఎదురొస్తే పని కాదంటారు. నా పనికి నేనే బయల్దేరుతుంటే ఎవర్ని తప్పించుకోను? చోడిరొట్టెలు, అదే రాగిరొట్టెలు, రెండు, ఉల్లిపాయ ఒకటి మూటగట్టాను. డబ్బులు కోక కొంగున ముడేశాను. ఆరున్నరకి నౌపడ స్టేషన్లో ఉన్నాను. పట్టాల పక్కన నలుగురాడోళ్ళు తట్టలు పట్టుకుని, ఇంజను రాల్చిన సగం కాలిన బొగ్గులు ఏరుతన్నారు. చేతులు కాలకుండా కొబ్బరిమట్ట ముక్కతో లాగుతన్నారు. రైలు కదిలిపోతాదన్న బెంగ ప్రయాణికులకి ఉంటే, రైలు ఇంకాసేపు ఆగితే బాగుణ్ణన్న ఆశ వాళ్ళకి. మీరెవరైనా ఈ దారిలో వెళ్తే పొద్దుటి పాసింజరే ఎక్కండి, మూడో తరగతిలో కూకోడానికి చోటు దొరుకుతాది. టికెట్టు రెండు రూపాయల చిల్లర. బండి ఏడు దాటాక కదిలింది.

నా ఎదురుగా ఎండుచేపల బుట్టతో ఒకామె కూకున్నాది. పెట్టెంతా ఆ వాసనా, ఎవరో తెచ్చిన జీడిమామిడి పళ్ళ వాసనా.

"ఎంత దూరమప్పా?" అన్నాది.

"ఇజీనగరం అవతలకి. డ్రమ్ము ఒకటి తెచ్చుకోవాలి."

"నీళ్ళకా?"

"వంటకి."

"డ్రమ్ముతో వంటేటే! ఊరందరికీ ఒండుతావేటి?"

నేను గొయ్యి సంగతి, పేడ సంగతి, నీలం మంట సంగతి చెప్పాను. ఆమె బుట్ట మీద చెయ్యేసి, "పేడ కంపుకే మంటొస్తే మరి నా బుట్టకేటొచ్చింది? ఇంత కంపు ఊరికే పోతన్నాది గదే!" అన్నాది. పెట్టెలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

కిటికీ దగ్గర నెల్లిమర్ల జూటు మిల్లులో పనిచేసే ముసలాయన ఒకడున్నాడు. ఆయన నవ్వలేదు. "గేసు లాగేసిన పేడలో సారం ఉండదమ్మా. పొలానికి పనికిరాదు" అన్నాడు.

"మా ఆయనా మొదట అలాగే అన్నాడు బాబూ. రెండు మళ్ళలో అదేసి చూశాడు. మిగతా వరికన్నా అదే ఏపుగా వచ్చింది."

"అంత మంచిదైతే మరి అమ్మేసినావేటి?"

అప్పటికి తిలారు దాటింది. బండి వంశధార వంతెన మీదికి వచ్చి పెద్ద చప్పుడు చేస్తన్నాది. ఆ చప్పుడు సాకుగా పెట్టుకుని మొహం ఏటి వైపు తిప్పుకున్నాను. ఆయనకి చెప్పనిది మీకు చెప్తన్నాను.

ఊడుపుల రోజుల్లో ఒక పొద్దున్న మా ఆయన ఎప్పటిలాగే పేడ కలిపి పోశాడు. చేతులు కడుక్కుని అంబలి తాగి పొలానికి వెళ్ళాడు. గట్టు మీద గుండె పట్టేసి అక్కడే కూలిపోయాడు. చావింట్లో పొయ్యి ముట్టించరు కదా. పెద్దదినం కర్మ అయ్యేదాకా మాకు దాయాదుల ఇళ్ళ నుంచే కూడు వచ్చింది. రెండో రోజు నుంచీ దొడ్లో డ్రమ్ము లేవడం మొదలెట్టింది. రోజూ కాస్త లేచి, వంటయ్యేసరికి దిగిపోయేది, ఇప్పుడు దిగడం లేదు. ఎవరూ ముట్టుకోకుండానే పైపైకి వస్తన్నాది. నాలుగో రోజుకి మనిషి నడుమెత్తు లేచి నిలబడింది. అయిదో రోజు దాని అంచుల్లోంచి బుడబుడమని చప్పుడు. మా తోడికోడలు చూసి కేక పెట్టింది. మా బావగారు వచ్చి చూసి, "తమ్ముడి ఊపిరి దీంట్లో ఉండిపోయింది. ఆడు రోజూ దీని ముందే కూకునీవోడు. దీన్ని తీసేస్తేగాని ఆడికి దారి దొరకదు" అన్నాడు.

నేను దానికి దండం పెట్టాను. "దిగిపో మావా, దిగిపో" అని ఏడ్చాను. దిగలేదు. నలుగురు మగోళ్ళు వెదురుబొంగులు దూర్చి ఎత్తితే భుస్సుమని ఒక్క పెద్ద ఊపిరిలాంటిది వెళ్ళిపోయింది. అప్పుడు అందరం నమ్మేశాం. ఉప్పు కోసం వచ్చినాయన అడిగితే చాలు, ఇచ్చేశాను.

శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో చేపలామె దిగిపోయింది. దిగుతూ "గేసు దొరికితే నాకూ రాయే" అన్నాది. ఇద్దరికీ రాయడం రాదు. నాగావళి దాటాం, పొందూరు దాటాం. చీపురుపల్లిలో చోడిరొట్టె తిన్నాను. పదకొండుంబావుకి ఇజీనగరం. స్టేషన్ నుంచి బస్సులు ఆగే చోటికి జట్కా ఎక్కాను. మీరు ఎక్కకండి, నడవగలిగిన దూరమే. గజపతినగరం బస్సు పన్నెండు దాటాక కదిలింది. దిగాక గోగుచేల మధ్య మైలు నడక. ఎండకి అరికాళ్ళు మాడిపోయాయి.

ఆ ఊళ్ళో గేసు ఇల్లు ఏదంటే అందరూ చూపించారు. ఇంటామె పేరు అప్పలనర్సమ్మ, నాకన్నా నాలుగైదేళ్ళు చిన్నది. వీధి గుమ్మంలో గుడ్డల మూటలు ఇంకా విప్పకుండా పడున్నాయి. దాహానికిమ్మంటే, "నుయ్యి దొడ్లో ఉన్నాది, కాళ్ళు కూడా కడుక్కో అప్పా, రా" అని తీసుకెళ్ళింది.

దొడ్లోకి అడుగుపెట్టగానే నా డ్రమ్ము కనబడింది. పైన ఎర్రరంగు వేశారు గాని, అంచున గొడ్డలిమడమ సొట్ట అలాగే ఉన్నాది. మా ఆయన బిగించేటప్పుడు కొట్టిన సొట్ట. ఆ డ్రమ్ము నడుమెత్తు లేచి నిలబడి ఉన్నాది. అంచుల్లో బుడబుడమంటన్నాది. అచ్చం ఆవేళలాగే.

నూతి గట్టు మీద కూలబడి, "ఎవరు పోయారమ్మా మీ ఇంట్లో?" అన్నాను.

ఆమె బిత్తరపోయింది. "సుభమా అని పెళ్ళికెల్లొస్తే ఏటా మాటలు? ఎవులూ పోలేదు."

"మరి అదలా లేచిందేటి?"

"అయిదు రోజులు పొయ్యి ముట్టించలేదప్పా. గేసు ఎటెల్తాది? డ్రమ్మునెత్తుకుని కూకున్నాది. సూడు, ఇప్పుడు ఒండుతాను, దానంతటది దిగుతాది."

ఆమె అన్నం, కందిపప్పు, గోంగూర వండింది. నేను దొడ్లోంచి కదల్లేదు. డ్రమ్మునే చూస్తూ కూకున్నాను. ఎసరు మరిగేసరికి వేలెడు దిగింది. పప్పు ఉడికేసరికి ఇంకాస్త. రెండేళ్ళు రోజూ వండినదాన్ని, రోజూ లేచేదీ దిగేదీ చూసినదాన్ని నేనే కదా. బావగారికి తెలీదు, తోడికోడలికి తెలీదు, వాళ్ళింట్లో అది లేదు. నాకు తెలియాలి. ఒక్క అగ్గిపుల్ల గీసుంటే దిగిపోయేది.

తింటూ అడిగాను, "పేడ పొయ్యకపోయినా ఎన్నాళ్ళొస్తాది?"

"ఇయ్యాల పోసింది ఇయ్యాలే రాదప్పా. పోసిన పేడ నెల్లాళ్ళ పైన ఊరి ఊరి వస్తానే ఉంటాది. ఒట్టి సేతులతో కూకున్నా నెల వంట నీకుంటాది."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను. ఆయన నెలరోజుల వంట నాకు దాచి పోయాడు. నేనేమో దిగిపొమ్మని దండాలు పెట్టి, నలుగురి చేత ఎత్తించి గాలికి వదిలేశాను. ఊపిరని మా బావగారన్నది పూర్తిగా తప్పు కూడా కాదు. అది ఆయన చేతి కష్టం.

అప్పుడు చెప్పాను ఆమెకి, నేనెవరినో, అది అమ్మిందెవరో. ఎందుకు వచ్చానో చెప్పబోతూ కొంగు ముడి మీద చెయ్యేశాను. ఆమె ఆ చెయ్యి చూసింది. వసారాలో మంచం మీద ఉన్న వాళ్ళత్త వైపు చూసింది. ముసలామె కళ్ళ చుట్టూ ఇంకా పుసులు, పాత పొగకి ఎర్రబారిన మచ్చ.

"మా అత్త ఈ రెండుమూడేళ్ళలోనే కాస్త కళ్ళిప్పి సూస్తన్నాది. నువ్వడిగితే నేను కాదనలేను. అందుకే సెప్తన్నాను, అడక్కప్పా."

చేతిని ముడి మీంచి తీసేశాను. అడగలేదు.

కాసేపటికి ఆ ముసలామె మంచం మీంచే అన్నాది, "పొయ్యి మార్సలేనోళ్ళు ఒండడమైనా మార్సుకోవాల. పప్పు రేతిరే నానబెట్టు. ఎసరు మీద మూత, మూత మీద నీళ్ళ సెంబు. అన్నమయ్యీసరికి నీకు వేణ్ణీళ్ళు. మీ కోడలికి సగం పొగ తప్పుతాది." ఇన్నేళ్ళు వండి ఆ చెంబు సంగతి నాకు తట్టలేదు.

ఆ రాత్రి వాళ్ళ వసారాలోనే పడుకున్నాను. పొద్దున్న అప్పలనర్సమ్మ ఒక కుండ తెచ్చి నా ముందు పెట్టింది. డ్రమ్ము గోతిలోంచి తీసిన పేడజావ, మూతికి తాటాకు కట్టి, గుడ్డ బిగించింది. "మా ఆయన డ్రమ్ముతోపాటు మీ గోతిలోంచి రెండు డబ్బాల జావ తెచ్చినాడు, పాలకి తోడేసినట్టు. అది ఏస్తేనే మాకు తొందరగా గేసు పుట్టింది. ఇప్పుడు నువ్వు తీసుకెల్లు. రోడ్డు పనుల కాడ తారు డ్రమ్ములు పడుంటాయి. ఒకటి అడ్డంగా కోయించి, సిన్న గోతిలో బోర్లించు. కూడంతా ఉడక్కపోయినా బాలింతకి కాయం మందూ, పథ్యమూ ఒండుకోవచ్చు."

ఏడుగంటల బస్సుకి ఇజీనగరం వచ్చి, పదకొండు దాటాక ఎగువ పాసింజరెక్కాను. కుండ ఒళ్ళోనే పెట్టుకున్నాను. గరివిడి దాటాక టికెట్టు కలెక్టరు వచ్చాడు.

"ఏంటమ్మా కుండలో?"

"తోడు బాబూ."

"పెరుగా? కాస్త మజ్జిగ పోయించరాదూ, ఎండ చంపేస్తోంది."

"పేడకి తోడు బాబూ."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, నా టికెట్టు చూడకుండానే పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

మూడున్నరకి తిలారు. కుండ కుదుపుకి ఒరగకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. డ్రమ్ము కోసం వెళ్ళిన మనిషిని డ్రమ్ము లేకుండా వస్తన్నాను, కోడలికి ఏం చెప్పాలో తెలీలేదు. కానుపుకి నెలన్నర కూడా లేదు. తారు డ్రమ్ము ఎప్పుడు దొరుకుతాదో, ఎవరు కోస్తారో. కానుపుకి ముందు నీలం మంట చూస్తానన్న నమ్మకం నాకు లేదు. ఆ మూత మీది చెంబే ఇప్పటికి గతి.

మీలో ఎవరికైనా దొడ్లో ఇలాంటి గొయ్యి ఉంటే, ఇంట్లో మనిషి పోతే, డ్రమ్ము లేస్తే, ఎవరి మాటా వినకండి. చావింట్లో పొయ్యి ముట్టించకూడదంటే దాయాదుల ఇంటికి గొట్టమైనా లాగండి. మనిషి పోయినా ఆ మనిషి పోసింది ఇంకా ఊరుతూనే ఉంటాది.

నౌపడలో దిగేసరికి పొద్దు వాలుతన్నాది. ఆడోళ్ళు తట్టలతో ఇంజను దగ్గర మళ్ళీ వంగి ఉన్నారు. కుండ చంకన పెట్టుకుని వాళ్ళ మధ్య నుంచే నడిచాను. తాటాకు మూత కింద, నా నడుముకి తగులుతూ, ఒక చిన్న బుడగ లేచి పగిలింది.