హెల్మెట్‌లో గాలి, సర్దార్ చెవులు

ఇయర్‌ప్లగ్గుల పెట్టెల మీద రాసే మాటల్లో నేను నమ్మేవి తక్కువ. "రోజంతా పెట్టుకున్నా నొప్పి ఉండదు", "గాలి ఆగుతుంది, హారన్ వినిపిస్తుంది" అన్నవి ప్రయోగశాలలో, కదలకుండా కూర్చున్న మనుషుల మీద తేల్చిన సంగతులు. హెల్మెట్ మెత్తలు ప్లగ్గును ఎటు నొక్కుతాయో, చెమటకు అది ఎంత జారుతుందో దారి మీదే తెలియాలి. కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే నేను మూడు రకాల జతలతో అదే చూద్దామనుకుంటుండగా, డిగ్రీలో నాతో చదివిన స్వరూప సెంటినరీ కాలనీ నుంచి ఫోన్ చేసింది.

"మా ఆయనకు చెవులల్ల ఎప్పుడు గుయ్యిమంటదటనే. బండి మీద గాలికే గిట్లయిందంటుండు. నువ్వు పెట్టుకునేటియి పట్టుకొని జల్ది రా."

ఆమె భర్త ఓదెలు భూగర్భ గనిలో సర్దార్. సెలవు దొరికితే మోటార్‌సైకిల్ మీద ఎంత దూరమైనా పోతాడు.

శనివారం తెల్లవారుతుండగా నా మోటార్‌సైకిల్ మీద హైదరాబాద్ దాటాను. సిద్దిపేట దాకా నురుగు ప్లగ్గులు, అంటే మెత్తటి ఫోమ్‌వి. సన్నగా నలిపి, రెండో చేతితో చెవిని పైకి లాగి లోపలికి తోసి, అది ఉబ్బేదాకా పట్టుకోవాలి. అలా పెడితే గాలి హోరు నిజంగానే తగ్గింది. లారీల హారన్లు తగ్గలేదు సరికదా, మరింత స్పష్టమయ్యాయి. కాని హెల్మెట్ తొడిగేటప్పుడు మెత్త ఒరుసుకుని రెండుసార్లు ప్లగ్గు ఊడింది. సిద్దిపేట నుంచి కరీంనగర్ దాకా కాడ ఉన్న సిలికాన్ జత. హెల్మెట్ ఆ కాడను చెవిలోకి నెట్టడంతో గంటకే చెవి పోటెత్తింది.

కరీంనగర్‌లో ఇడ్లీ పెట్టిన హోటలాయన నా చెవులవైపు చూసి, "జలుబు జేసిందా మేడం? మా ఇంట్ల కూడ గట్లనే దూది వెట్టుకుంటరు" అన్నాడు. పెద్దపల్లి దారిలో చెవి అచ్చు తీసి చేయించిన మూడో జత పెట్టుకున్నాను. నొప్పి లేదు, ఊడలేదు. రామగుండం పొగగొట్టాలు కనిపించేసరికి ఎండ నెత్తికెక్కింది. గోదావరిఖని దాటాక బొగ్గు లారీల వెనుక చాలాసేపు పోవలసి వచ్చింది. దారి పక్క చెట్ల ఆకులు నల్లగా ఉన్నాయి.

ఆ సాయంత్రం స్వరూప వాళ్ల క్వార్టరుకు ఆమె తమ్ముడు సంపత్ వచ్చాడు. బావ షిఫ్టులోనే బొగ్గు తీసే కార్మికుడు. ఒక బిడ్డ తండ్రి. సర్దార్ పని ఏమిటని అడిగితే అతడే చెప్పాడు.

"మేం లోపల పని మొదలువెట్టకముందు బావ కర్రతోని పైకప్పు మీద కొడ్తడు. గట్టిగుంటే ఖంగుమంటది. పొర ఇడిసిందనుకో, డొల్ల మోత. బావ పొమ్మంటే పోతం, ఆగుమంటే ఆగుతం. నన్నయితే ఎప్పుడు పక్కకే నిలవెట్టుకుంటడు."

"వీడు లేకపోతే నాకు తోస్తదా?" అని ఓదెలు నవ్వాడు.

ఆదివారం పొద్దున టిఫిన్ చేసి, ఓదెలూ నేనూ చెరొక బండి మీద బెల్లంపల్లికి బయలుదేరాం. అక్కడ ఓదెలు చిన్నాన్న లింగయ్య ఉంటాడు. గనిలో చేసి రిటైరై చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఓదెలుకు నురుగు ప్లగ్గులు నేనే దగ్గరుండి పెట్టాను. గోదావరి వంతెన, మంచిర్యాల, ఆపైన రహదారి. గాలి ఎదురుగా, బలంగా వీచింది.

కొట్టు ముందు హెల్మెట్ తీస్తూనే ఓదెలు, "మస్తున్నయి మేడం! గాలి మోతనే లేదు" అన్నాడు.

అప్పుడే స్వరూప ఫోన్ చేసింది. "ఏందే, గా నురుగు ముక్కొకటి గడప కాడనే పడున్నది. ఆయనదేనా?"

నేను ఓదెలు కుడి చెవి చూశాను. ఖాళీగా ఉంది. ఒక చెవి మూసి, ఒక చెవి తెరిచి ఆ గాలిలో అంత దూరం వస్తే ఎవరికైనా తేడా తెలుస్తుంది. అతనికి తెలియలేదు.

ఒక్క పరిశీలనతో నేను నిర్ధారణకు రాను. ఎడమ ప్లగ్గు కూడా తీయించి సంగతి చెబుతుండగానే లింగయ్య కాకకు అర్థమైపోయింది. ఆయన చిన్నపిల్లవాణ్ణి పిలిచినట్లు మెల్లగా, "ఓదెలూ, అటు తిరుగురా" అన్నాడు. ఓదెలు తిరగలేదు. భుజం పట్టి తిప్పాడు. మూల నుంచి కర్ర తీసి ఒకసారి రాతిమెట్టు మీద, ఒకసారి ఖాళీ చెక్కపెట్టె మీద కొట్టాడు.

"చెప్పు. రెండోది గట్టిదా, డొల్లదా?" అని చెవి దగ్గర అరిచాడు.

"గట్టిది."

అది చెక్కపెట్టె. మళ్లీ మళ్లీ కొట్టాడు. జవాబులు ఊహలేనని తేలడానికి ఎక్కువసేపు పట్టలేదు.

"నీ మాట మీద ఎంతమంది పోతున్నర్రా లోపలికి?" అన్నాడు కాక. ఓదెలు ఇటు తిరిగాక మరోసారి అనవలసి వచ్చింది.

"వేళ్లకు తెలుస్తది కాక. కర్రతోని కొట్టేటప్పుడు ఇంకో చెయ్యి పైన వెడ్త."

అది అబద్ధం కాదు. వదులైన పొర వేళ్ల కింద అదురుతుంది. "చెయ్యి అందని చోట?" అని అడిగాను.

ఓదెలు నేల చూస్తూ అన్నాడు: "సంపత్‌ను పక్కకు నిలవెట్టుకుంట. కొట్టి, వాని మొఖం చూస్త. డొల్ల మోతయితే వాడు జర జంకుతడు గదా."

కాక కర్ర గోడకు ఆనించి లోపలికి వెళ్లిపోయాడు.

"గివి రెండు నెల్లు పెట్టుకుంటే చెవులు మళ్ల వస్తయంట మేడం. వీడియోల చూసిన. గని మెడికల్ పరీక్ష కూడ అప్పుడే ఉన్నది" అన్నాడు ఓదెలు.

రావని చెప్పాను. ఇయర్‌ప్లగ్గు ఉన్న వినికిడిని కాపాడుతుంది. లోపలి చెవిలో చచ్చిన కణాలను మొలిపించదు. గాలి వల్ల పోయిందా, గని యంత్రాల వల్లనా, రెండింటి వల్లనా అన్నది పరీక్ష లేకుండా నేను చెప్పలేను. పోయిందన్నది మాత్రం చెప్పగలను.

"గిది తెలిస్తే గని పైన, సర్ఫేస్ పనికి ఏస్తరు. సర్దార్‌ను పోయి లాంప్ రూంల దీపాలు పంచాల్నా?"

తిరుగు దారిలో వంతెన మొదట్లో బండ్లు ఆపించి, రేపు షిఫ్టుకు ముందే గని అధికారికి నీవు చెప్పకపోతే సంపత్‌కు నేను చెబుతానని అన్నాను. గాలికి అరవవలసి వచ్చింది. అతడు నా పెదవులు చూసి తల ఊపాడు.

సోమవారం మొదటి షిఫ్టుకు స్వరూపను ఎక్కించుకుని గని గేటు దాకా వెళ్లాను. టోపీలకు దీపాలు తగిలించుకుని కార్మికులు నిలబడి ఉన్నారు. "ఏంది బావా, పెండ్లిపిలగాని లెక్క నిలవడ్డవ్, పోదం పా" అన్నాడు సంపత్. ఓదెలు షిఫ్టు అధికారి దగ్గరికి పోయి, రహస్యం చెప్పేవాడిలా వంగాడు. మెల్లగా చెబుతున్నాననే అతడు అనుకున్నాడు.

"సార్, నాకు వినవడ్తలేదు."

ఆవరణ అంతా వినిపించింది. నవ్వుతున్న సంపత్ ఆగిపోయాడు. వెనుక ఎవరో, "మరి మొన్నటిదాంక కొట్టింది ఎవ్వలికోసం?" అన్నారు. ఓదెలు చుట్టూ చూసి "ఏమంటున్నరు?" అని అడిగాడు. వేరే సర్దార్ వచ్చేదాకా షిఫ్టును పైనే ఆపారు. స్వరూప నావైపు చూడకుండా, "మంచే జేసినవ్. ఇగ పోవే నువ్వు" అన్నది.

తిరుగు ప్రయాణంలో నా పరీక్ష పూర్తయింది. ఈ దారిన వచ్చేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: అచ్చు తీసి చేయించిన జత నా చెవులకు హాయిగా ఉంది, మీ చెవులకు ఉంటుందని హామీ ఇవ్వలేను. ఏ జతైనా హెల్మెట్ తొడిగాక మరోసారి సరిచూసుకోండి. చెవుల్లో మోత మొదలైతే ప్లగ్గులు కొనేముందు డాక్టరు దగ్గరికి వెళ్లండి.

కరీంనగర్ దగ్గర బండి ఆపినప్పుడు సంపత్ ఫోన్ చేశాడు.

"అక్కా, బావ నన్నే ఎందుకు పక్కకు నిలవెట్టుకునేది? ఇంట్ల ఎవ్వలు చెప్తలేరు."

ఓదెలు బెల్లంపల్లిలో అన్నది ఉన్నదున్నట్లు చెప్పాను.

"ఆ మోత నేను ఎన్నడు వినలే అక్కా. బావ ఉన్నడు గదా అని, నా ముచ్చట్ల నేనుండేది" అన్నాడు.