నీలం బకెట్టు పిడి

ఆ రోజు ఆయన చేసిన ఆఖరి పని, మనవరాలి గౌన్లు జాడించిన నీళ్ళలో ఒక చుక్క వెయ్యడం.

కూతురు వెనక వరండాలో కుళాయి దగ్గర బట్టలు జాడిస్తోంది. ఆయన చెప్పులు విడవకుండానే వచ్చాడు. చొక్కా జేబులోంచి చిటికెనవేలంత సీసా తీశాడు. నీలం బకెట్టులోంచి అర గ్లాసు నీళ్ళు ముంచుకుని ఒక చుక్క వేశాడు. నీళ్ళు లేత గులాబీ రంగుకి తిరిగాయి.

"ఇంకా సోడా ఉంది. ఇంకోసారి జాడించు."

"మూడుసార్లు జాడించాను నాన్నా. ఇదేమన్నా ఆసుపత్రి దుప్పటా? చిన్నపిల్ల గౌను."

"చిన్నపిల్ల గౌను కాబట్టే."

ఆమె ఒళ్ళు మండి బకెట్టు బోర్లించి, మళ్ళీ నీళ్ళు పట్టింది. ఈసారి చుక్క నీళ్ళలో నీళ్ళయిపోయింది. "ఊఁ, ఇంక ఆరేసుకో" అని గ్లాసు కడిగి గట్టు మీద పెట్టి, ఆయన బయల్దేరాడు. అప్పుడు ఆమె ఊరుకోలేకపోయింది.

"ఈ జాగ్రత్త అప్పుడేమైంది?"

ఆయన గేటు గొళ్ళెం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆయన గది రెండు వీధుల అవతల. సాయంత్రం ఆమె ఫ్లాస్కులో టీ పట్టుకుని వెళ్తే గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఎంత పిలిచినా పలకలేదు. మధ్యాహ్నమే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు.

"అప్పుడు" అని ఆమె అన్నది ఏడు నెలల కిందటి సంగతి. అది తెలియాలంటే ఆయన పనేమిటో తెలియాలి.

ఆసుపత్రులవీ హోటళ్ళవీ దుప్పట్లు ఉతికే పెద్ద లాండ్రీల్లో, ఒక్కో మిషను ఒక చిన్న గదంత ఉంటుంది. కుర్రతనంలో ఆయన అలాంటి మిషన్ల ముందు నిలబడి చెంబుతో సోడా, సబ్బు, బ్లీచు పోసేవాడు. ఏ మురికికి ఎంత పొయ్యాలో చూపుతోనే చెప్పేవాడు. తర్వాత మనిషి అక్కర్లేకుండా మందులు తామే పోసుకునే పంపుల పెట్టెలు వచ్చాయి. చెంబు పట్టుకున్న పదిమందిలో తొమ్మిదిమంది ఇంటికి పోయారు. ఆయన ఒక్కడు ఆ పెట్టెలమ్మే కంపెనీలో చేరి స్క్రూడ్రైవరు పట్టుకున్నాడు. "మా నోటి దగ్గర కూడు తీసి గోడకి బిగిస్తున్నావురా" అని పాత స్నేహితుడొకడు మొహం మీదే అన్నాడు. అయినా ఆయన గోడకి బిగిస్తూనే ఉన్నాడు.

ఆయన బిగించిన పెట్టె చూస్తే ముచ్చటేసేది. వరసగా అయిదు పంపులు. ఒక్కో పంపు కింద ఒక్కో డబ్బా, డబ్బాకొక రంగు మూత. పంపులో రోలర్లు తిరుగుతూ, వంచి పెట్టిన లావుపాటి రబ్బరు గొట్టాన్ని నొక్కుతాయి. నొక్కినప్పుడల్లా ఒక గుక్క మందు మిషన్లోకి పోతుంది. నిమిషానికి ఎంత పోతోందో కొలత గాజుగొట్టంలో పట్టి చూసుకునేవాడు, ఒకసారి కాదు, మూడుసార్లు. అన్నీ అయ్యాక, ఆఖరి జాడింపు నీళ్ళలో ఆ చుక్క వేసేవాడు. సోడా మిగిలి ఉంటే గులాబీ రంగు వస్తుంది. ఆ దుప్పటి మీద పడుకున్న రోగికి ఒళ్ళంతా దద్దుర్లు లేస్తాయి. రంగు రాకపోతేనే ఆయన సంచీ సర్దుకునేవాడు. అందుకే లాండ్రీల్లో ఆయన పేరు ఎవరికీ తెలియదు. అందరికీ చుక్కలాయనే.

"చుక్కలాయనా, మా అత్త నోట్లో ఒక చుక్క వేసి చూడు, ఏ రంగొస్తుందో" అని దుప్పట్లు మడతపెట్టే ఆడవాళ్ళలో ఒకామె ఎప్పుడూ ఆటపట్టించేది. పెద్ద గొంతు. అన్ని మిషన్ల మోతలోనూ ఆ గొంతొక్కటే వినపడేది.

"సీసా చాలదమ్మా. డబ్బా తేవాలి."

"తేవయ్యా, పుణ్యముంటుంది. చెప్పు అరుగుతుందని పక్కింటికి కూడా వెళ్ళదు గానీ, నాలుక మాత్రం అరగదు."

అరిగేవి రబ్బరు గొట్టాలు. నాలుగైదు నెలలకొకసారి మార్చకపోతే పగులుతాయి. పగిలితే బ్లీచు కారుతుంది. బ్లీచు పక్కనే ఉండేది ఆఖరున వేసే ఆమ్లం డబ్బా. దాన్ని లాండ్రీల్లో "పులుపు" అంటారు. రెండూ కలిస్తే లేచే పొగ ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. అందుకని తీసిన ప్రతి గొట్టం మీదా ఆయన చెరగని పెన్నుతో మిషను నంబరూ, మందు పేరూ, తీసిన తేదీ రాసేవాడు. ఏది ఎన్నాళ్ళు ఆగిందో ఆయనకి అదే లెక్క. తీసిన గొట్టం పారేసేవాడు కాదు. బాగా కడిగి, నిలువునా చీల్చి, ఇంట్లో చేతికి గుచ్చుకునే ప్రతిదానికీ తొడిగేవాడు. గేటు గొళ్ళేనికి, నీళ్ళు తోసే కర్రకి, మనవరాలి మూడు చక్రాల సైకిలు పిడులకి. "మీ ఇంట్లో దేన్ని పట్టుకున్నా ఏనుగు తొండం పట్టుకున్నట్టుంటుందే" అని పక్కింటావిడ నవ్వేది.

కంపెనీకి మాత్రం గొట్టం మీది రాతతో పనిలేదు. కంప్యూటర్లో ఉంటేనే పని జరిగినట్టు. ఎవరు చేసిన పని వాళ్ళే తమ ఫోన్లో ఎక్కించాలని రూలు. అక్కడే చిక్కొచ్చింది. ముప్పై ఏళ్ళు సోడాలో నాని ఆయన వేలికొసలు గోళీల్లా నున్నగా అయిపోయాయి. ఫోను ఆయన వేలిని వేలనుకునేది కాదు. పది నొక్కులకి ఒకటి తీసుకునేది. "చచ్చినవాణ్ణని అనుకుంటోందే ఇది" అనేవాడు.

కూతురు అదే కంపెనీ ఆఫీసులో సర్వీసు ఫోన్ల దగ్గర కూర్చునేది. మొగుడు చెప్పాపెట్టకుండా ఇంకో కాపురం పెట్టుకుని పోయాక, చంటిపిల్లతో మిగిలిన కూతురికి మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ఆయనే ఇప్పించిన ఉద్యోగం అది. పని అవ్వగానే ఆయన ఆమెకి ఫోన్ చేసేవాడు. "అమ్మాయ్, రాసుకో. రెండో మిషను, సబ్బు పంపు." ఆమె రాసుకుని, ఖాళీ దొరికినప్పుడు ఆయన పాస్‌వర్డుతో ఎక్కించేది. బయటపడితే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి. నాలుగేళ్ళు బయటపడలేదు.

ఏడు నెలల కిందట, ఒక గురువారం, మూడో మిషను దగ్గర ఆ పొగ లేచింది. అందరూ బయటికి పరిగెత్తారు. దుప్పట్ల బండి అడ్డం పడి, ఆ పెద్ద గొంతున్న ఆమె లోపల చిక్కుకుంది. ప్రాణం దక్కింది గానీ గొంతు దక్కలేదు.

కంపెనీ వాళ్ళు ఆ సాయంత్రమే పంపుల పెట్టె ఊడదీసి పట్టుకుపోయారు. మళ్ళీ దాన్ని ఎవరూ చూడలేదు. బ్లీచు గొట్టం పగిలి పులుపు డబ్బాలో కారిందనీ, కంప్యూటర్లో చూస్తే ఆ గొట్టం అయిదు నెలల నుంచి మార్చనే లేదనీ చెప్పారు.

ఆయన మేనేజరు బల్ల మీద గుద్దాడు. ఆయన గొంతు పెంచడం ఆఫీసులో ఎవరూ ఎరగరు.

"మార్చాను సార్! మంగళవారం నా చేత్తో మార్చాను. రెండ్రోజుల గొట్టం పగలదు. డబ్బాలు మార్చినవాళ్ళు ఒకదాని పైపు ఇంకోదాంట్లో పెట్టారేమో, అది అడగండి."

"మారిస్తే ఎక్కించాలి కదా పెద్దాయనా?"

ఆయన ఫోన్ల దగ్గర కూర్చున్న కూతురికేసి చూశాడు.

మేనేజరు కూతుర్ని పిలిచాడు. "మీ నాన్న పని ఆయనే ఎక్కిస్తాడా, ఇంకెవరైనా ఎక్కిస్తారా?"

"ఆయనే సార్" అంది, నేల చూస్తూ.

డబ్బాల సంగతి ఎవరూ అడగలేదు. ఆ గొట్టం ఆయన మార్చాడా లేదా అన్నదొక్కటే మిగిలింది. ఆ సాయంత్రం ఆమె ఇంటికి రాగానే ఆయన్ని నిలదీసింది.

"నిజం చెప్పు నాన్నా. మార్చావా? మారిస్తే నాకు ఫోన్ చెయ్యాలిగా? నువ్వు చెప్పింది నేను ఎక్కించకుండా ఎప్పుడైనా ఉన్నానా?"

ఆయన ఆమెకేసి చూశాడు. పిల్ల కోసం కిటికీలో పెట్టిన మందుసీసాకేసి చూశాడు.

"మంగళవారం పిల్లకి జ్వరం కదూ?"

"జ్వరానికీ దీనికీ ఏమిటి సంబంధం? మాట దాటెయ్యకు. ఫోన్ చేశావా, లేదా?"

గోడ మీద బల్లి అరిచింది. పిల్ల నిద్రలో కదిలింది. ఆయన లేచి దుప్పటి సర్దాడు.

"చెయ్యలేదేమోలే."

"అంటే మార్చలేదన్నమాట."

"వయసొచ్చింది కదమ్మా. మార్చాననుకున్నానేమో."

"అనుకున్నావా? అవతల ఒక మనిషి గొంతు పోయింది నాన్నా!"

మర్నాడు వెళ్ళి, తప్పు తనదేనని రాసిన కాగితం మీద సంతకం పెట్టాడు. సంచీ అప్పగించాడు. చుక్కల సీసా ఒక్కటి జేబులో ఉండిపోయింది. ముందురోజు అంత గట్టిగా అరిచినవాడు ఇంత మెత్తగా ఒప్పుకున్నాడంటే, అరిచిందే అబద్ధమన్నారు అందరూ. ఆమె కూడా అదే అనుకుంది.

సంతకం పెట్టిన సాయంత్రం పట్టుకారూ, ఇనపతీగా, ఒక గొట్టం ముక్కా పట్టుకుని ఆయన ఆమె ఇంటికి వచ్చాడు.

"ఆ నీలం బకెట్టు ఇలా ఇవ్వు. పిడి చేతికి కోసుకుంటోందన్నావుగా."

"ఇప్పుడు అదా నీకు కావలసింది?"

ఆయన వరండాలో కూర్చుని కట్టాడు. గొట్టం ఒకచోట నొక్కితే ఇంకోచోట లేస్తోంది. మూడుచోట్ల తీగతో బిగించాడు. ఎప్పుడూ అచ్చులో పోసినట్టుండే ఆయన పని, ఆ రోజు బుడిపెలు బుడిపెలుగా వచ్చింది.

"ఇదేంటి, ఇంత మొద్దుగా కట్టావు? చెయ్యి కూడా తప్పిందా?"

"తప్పింది" అన్నాడు.

ఆ ఏడు నెలలూ ఆయన ప్రతి ఆదివారం గొంతు పోయిన ఆ మడతలామె ఇంటికి వెళ్ళేవాడు. మొదటిసారి ఆమె భర్త గుమ్మంలోనే ఆపాడు. "మా ఆవిడ గొంతు మింగినవాడివి. నీకు కూర్చోమని చెప్పాలా?" అన్నాడు. ఆయన కూర్చోలేదు. తెచ్చిన పళ్ళు మెట్టు మీద పెట్టి వచ్చేశాడు. మరుసటి ఆదివారం ఆ పళ్ళు అక్కడే కుళ్ళి ఉన్నాయి. అయినా వెళ్ళాడు. ఒకసారి లోపలినుంచి ఆమె ఏదో చెప్పబోయింది. గాలి తప్ప మాట రాలేదు. ఆ సంగతి కూతురికి చెబితే, "నువ్వు చేసిందే కదా" అంది. ఒకసారి కాదు. అన్నం వడ్డిస్తూ అంది, పిల్లకి జడ వేస్తూ అంది. పిల్ల సైకిలు గొలుసు బిగించడానికి ఆయన కూర్చుంటే, "నువ్వు ముట్టుకోకు, సైకిలు షాపువాడు బిగిస్తాడు" అంది. ఆయన పట్టుకారు కింద పెట్టేసి లేచాడు.

ఆయన పోయినప్పుడు లాండ్రీల నుంచి ఒక్కరూ రాలేదు.

మూడు వారాలు గడిచాక, ఒక పొద్దున ఆమె నీళ్ళు మోస్తుంటే బకెట్టు పిడి తీగల్లో రెండు తుప్పుపట్టి తెగాయి. గొట్టం చేతిలోనే విచ్చుకుని, వంచి కట్టిన మనిషి ఇక లేడన్నట్టు, తన అసలు వంపుకి తిరిగేసింది. లోపలికి ఉన్న వైపు బయటికి వచ్చింది. ఆ వైపు నీళ్ళు తగలలేదు, చెయ్యి తగలలేదు. నల్లటి అక్షరాలు నిన్న రాసినట్టున్నాయి.

మూడో మిషను. బ్లీచు. కింద, తీసిన తేదీ.

ఆమె బకెట్టు దింపి లోపలికి వెళ్ళి, పిల్ల మందుల ఫైలు తీసింది. జ్వరం నూట మూడని రాసిన చీటీ మీద అదే తేదీ. మంగళవారం. అప్పుడు గుర్తొచ్చింది. డాక్టరు గది బయట బెంచీ, ఒళ్ళో కాలిపోతున్న పిల్ల, చెవికీ భుజానికీ మధ్య ఫోను. "అమ్మాయ్, రాసుకో." చేతిలో పెన్ను లేదు. "ఆఁ ఆఁ, రాసుకున్నాలే నాన్నా" అని పెట్టేసింది.

ఈ గొట్టం బల్ల మీద పెడితే, మార్చినట్టు రుజువయ్యేది. మరి కంప్యూటర్లో ఎందుకు ఎక్కలేదన్న ప్రశ్న ఆయన దగ్గర ఆగేది కాదు.

అప్పటికీ ఆమెకొక చిన్న ఆశ. ఆయనకి గుర్తులేక, చేతికందిన ముక్కేదో తెచ్చి కట్టాడేమోనని. ఆ ఆశతోనే లేచి ఇల్లంతా తిరిగింది. గేటు గొళ్ళెం చూసింది. కర్ర పిడి చూసింది. పిల్ల సైకిలు రెండు పిడులూ చూసింది. సగం చెరిగినా, అన్నిటి మీదా నంబరూ తేదీ పైకే ఉన్నాయి. రబ్బరు ఎటు వంగితే అటే తొడిగాడు. మూడుచోట్ల తీగ బిగించి, తిరగేసి కట్టింది నీలం బకెట్టుకి ఒక్కదానికే.