ఐతారం ఏడింటి ప్రార్థన

మొన్న ఆదివారం పొద్దున కరీంనగర్ చౌరస్తాలో పోలీసులు మా ఆటోను ఆపేశారు. ఛాతీకి నంబర్లు తగిలించుకున్న మనుషులు రోడ్డు నిండా పరుగెత్తుతున్నారు. "ఎన్క కుక్క తరుముతలేదు, ముంగట బస్సు పోతలేదు, ఎందుకురుకుతుండ్రో మేడం వీళ్లు!" అని ఆటో అతను విసుక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకున్నాను. కొన్నేళ్ల కింద మా అన్న ఈ రోడ్డు మీదే పరుగెత్తాడు. నేను చూడలేదు. ఆ వేళకు మందమర్రిలో అవ్వ మంచం పక్కన కూర్చుని ఉన్నాను. అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం.

మా అన్నది బాయి పని. బొగ్గు గనిని మా దగ్గర బాయి అనే అంటారు. మారథాన్‌ను మూడు గంటల్లోపు ముగించాలని ఆయనకు ఎక్కడ పట్టుకుందో పట్టుకుంది. నలభై రెండు కిలోమీటర్లు! అంత వేగం కావాలంటే రోజూ పరుగెత్తాల్సిందేనని తెలిసినవాళ్లంతా చెప్పారు. షిఫ్టులు మారే మనిషికి వారంలో మూడు పూటలు దొరకడమే గగనం. అందుకని ఒకరోజు బడి గ్రౌండులో రొప్పొచ్చేంత వేగంగా, ఇంకోరోజు పందెంలో పోవాల్సిన వేగంతో, శనివారం బెల్లంపల్లి రోడ్డున దూరం పరుగు. అంతకుమించి ఒక్క అడుగు ఎక్కువ వేసేవాడు కాదు. "గింతనే ఉరికి గంత దూరం ఎట్ల వోతవురా?" అని దోస్తులు ఆటపట్టిస్తే, "ఉన్నయే రెండు కాళ్లు. బాయికి సగం, రోడ్డుకు సగం పంచాలె గద" అనేవాడు. లారీల వెనక పరుగెత్తి, చెమటా బొగ్గుపొడీ కలిసి నల్లటి చారలతో ఇంటికి వస్తే, గుమ్మంలోనే అవ్వ గిలాసెడు సల్ల, అదే మజ్జిగ, చేతికిచ్చేది.

కానీ ఇల్లు కదలాలంటే ముందు ప్రార్థన కావాలి. అదొక పెద్ద కథ. అవ్వ ఆయన తల మీద చెయ్యిపెట్టి మొదలుపెట్టేది. పాస్టరయ్య గొంతునొప్పి, ఆసిఫాబాద్ మేనత్త మోకాళ్లు, బాయిలో దిగినవాళ్లందరి క్షేమం, పక్క క్వార్టరు వాళ్ల బిడ్డ పరీక్షలు, చివరికి ఆ ఇంటివాళ్ల బర్రె ఈనడం కూడా దేవుడికి అప్పజెప్పితే తప్ప ఆమెన్ వచ్చేది కాదు. అన్న కళ్లు మూసుకునే ఉన్నచోట గంతులు వేసేవాడు. "అవ్వా, జర జల్ది. కాళ్లు సల్లవడుతున్నయ్" అంటే, "దేవునితోని గూడ గడియారం వెట్టుకోని మాట్లాడుమంటవారా?" అని ఇంకో ఇద్దరి పేర్లు కలిపేది. నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని.

తర్వాత అవ్వ మంచాన పడింది. ఈ ఏడాది దాటడం కష్టమని డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి చెప్పాడు. అప్పటిదాకా నింపాదిగా ఉన్న అన్నకు ఒక్కసారిగా తొందర పుట్టింది. "అవ్వ ఉండంగనే ఉరకాలె చెల్లె. ఆమె సల్ల తాగి ఉరికినోన్ని, ఆమె సూడాలె" అన్నాడు. కరీంనగర్ పందెంలో పేరిచ్చాడు. తీరా చూస్తే అది ఆదివారం, పొద్దున అయిదింటికే మొదలు. మా ఇంట్లో ఆదివారం పొద్దున ఏడింటికి ఇంటిల్లిపాదీ కూర్చుని ప్రార్థన చేయాల్సిందే. ఆ తర్వాతే చర్చి. జ్వరం వచ్చినా అది తప్పింది లేదు. అవ్వ రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు పిలిచి, "ఉరుకు కొడుకా. గని ఏడింటికి యాడున్నా నిలబడి తలకాయ వంచు. నేనీడ చేస్త" అంది. అన్న సరేనన్నాడు.

ఆ ఆదివారం ఏడు కాగానే, "లేపవే నన్ను" అంది అవ్వ. వీపుకు దిండు ఆనించి కూర్చోబెట్టాను. ఎప్పటిలా పాస్టరయ్య దగ్గర మొదలవుతుందనుకుని కాళ్లు మడుచుకుని సర్దుకున్నాను. "ప్రభువా, నా కొడుకు రోడ్డు మీద నిలవడ్డడు. జల్ది పంపు. ఆమెన్." అంతే! నా జన్మలో ఆమె అంత చిన్న ప్రార్థన చేయగా వినలేదు. నేను కళ్లు తెరిచేసరికి ఆమె కిటికీ వైపు చూస్తూ ఉంది.

మధ్యాహ్నం అన్న మెడలో పతకంతో వచ్చాడు. "మూడు గంటలల్ల వచ్చినవా బిడ్డా?" అని అడిగింది. "వచ్చిన అవ్వా" అన్నాడు.

"నాకెర్కనే. నువ్వు నిలవడి ఉంటవని జర్రంతనే చేసిన."

అన్న ముఖం మారిపోయింది. పతకం తీసి ఆమె మెడలో వేసి, నీళ్లు తాగొస్తానని బయటికి నడిచాడు. వెళ్లి చూస్తే నల్లా విప్పి ఊరికే నిలబడి ఉన్నాడు.

"నిజంగనే జర్రంత చేసిందా?" అన్నాడు. అవునన్నాను.

"నేను బర్రె దాక పోయిన చెల్లె" అన్నాడు.

మూసి ఉన్న చాయ్ బండి పక్కన నిలబడి, అవ్వ ప్రార్థన మొత్తం ఒక్క పేరు విడవకుండా మనసులో చెప్పుకున్నాడట. కళ్లు తిరిగి ఆగాడనుకుని ఎవరో నెత్తిన నీళ్లు కూడా కుమ్మరించారట. మళ్లీ కదిలేసరికి కాళ్లు కొయ్యబారిపోయాయి. మూడు గంటల గడువు ఆయన కళ్ల ముందే దాటిపోయింది. సరిగ్గా అక్కడ నిలబడినంతసేపే ఆలస్యమైంది. ఆ సంగతి అవ్వకు మేమెవరం చెప్పలేదు. పతకం మెడలో ఉండగానే నెల తిరక్కుండా అవ్వ పోయింది. ఎంత ఏడ్చామో!

అన్న మళ్లీ పందెం జోలికి పోలేదు. వారానికి మూడు పూటలు మాత్రం ఇప్పటికీ పరుగెత్తుతాడు. బయల్దేరే ముందు గుమ్మంలో తల వంచుకుని నిలబడతాడు. లోపల వదిన అన్నం వండుకుంటూ ఉంటుంది, ఎవరూ పలకరించరు.

ఆటోలో నేను టైము చూసుకున్నాను. ఏడు దాటింది. దారి వదిలారు, ఆటో అతను గేరు మార్చాడు. పందెం గడియారం మా అన్నకు నష్టమని తేల్చిన ఆ కాసేపట్లోనే, చాయ్ బండి పక్కన ఆయన తల వంచుకున్న ఆ నిమిషాల్లోనే, మాకు అవ్వ ఇంకా బతికి ఉంది.