పేరు పెట్టందే పలకని కైలాసం సారు

మా కైలాసం సారుకు ఒకటే జబ్బు. పేరు పెట్టి పిలవకపోతే పలకడు. జగిత్యాల పక్కనున్న మా సర్కారు బడిలో ఆయన ఇంగ్లీషు, నేను లెక్కలు. ఉత్త "సార్" అని పిలిచారా, ఇక అంతే సంగతులు.

ఓ రోజు ఆరో తరగతి హర్షిణి పరుగెత్తుకొచ్చింది.

"సార్, పాము!"

ఆయన తల తిప్పలేదు.

"మీ కుర్సీ కిందనే సార్!"

"గీడ ఆరుగురు సార్లం ఉన్నం. ఎవల్ని పిలుస్తున్నవ్?"

"కైలాసం సార్!"

"ఆఁ, చెప్పు హర్షిణీ."

అప్పటికి పాము విసిగి వెళ్లిపోయింది.

ప్రాపర్ నౌన్ పాఠం ఎవరైనా ఒక్క పీరియడ్లో ముగిస్తారు. ఈయన ఏడాదంతా చెప్పాడు. "పిల్ల అంటే ఎవలైనా కావచ్చు. హర్షిణి అంటే నువ్వే. గందుకే నీ పేరు పెద్దక్షరంతోని మొదలైతది. కలెక్టరుకైనా, కూలి చేసేటోళ్లకైనా పేరుకు గదే పెద్దక్షరం."

కొండగట్టు గుడికి పిల్లల్ని తీసుకుపోయినప్పుడు ఈయన తప్పిపోయాడు. "తెల్లంగీ ఇంగ్లీషు సారు ఎక్కడున్నా రావాలె" అని మైకులో అరగంట అరిపించాను. ఆయన మైకు పక్కనే నిలబడి పులిహోర తింటున్నాడు.

"పేరు లేదా నాకు, ఓంప్రకాశ్ సార్?" అన్నాడు తాపీగా. నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్న భోజనం దగ్గర మరీ ఘోరం. వంట చేసే ఆమె బెల్లంపల్లి నుంచి కోడలిగా వచ్చింది కాబట్టి ఊరంతా బెల్లంపల్లామె అనేది. పదకొండేళ్లుగా అదే పిలుపు. కైలాసం మాత్రం పిల్లలకు రూలు పెట్టాడు. "అనసూర్యమ్మా, జర పప్పు ఎయ్యి" అన్నాకే పళ్లెం చాపాలి. నూట ఇరవై మంది అనేదాకా వరుస కదలదు, నా ఆకలి ఆగదు.

"బెల్లంపల్లి కూడ పేరే గదా, కైలాసం సార్?" అన్నాను ఓసారి.

"అది ఊరి పేరు. ఊరొచ్చి అన్నం వండుతున్నదా?"

ఈ ఏడు మంచి వంటకని మా బడికి ఇంగ్లీషులో ప్రశంసాపత్రం వచ్చింది. సభలో మండల అధికారి మమతారాణి మేడం ముందు హెడ్మాస్టరు రామేశ్వర్‌రావు దాన్ని తెలుగు చేసి చదివాడు. "వంట మనిషి, మా బడి." అనసూర్య కొంగు సర్దుకొని లేచింది. కైలాసం అడ్డంగా నిలబడ్డాడు.

"ఆగుండ్రి. పేరు రాయకుంటే గా కాయిదం ఇయ్యనియ్య."

"మేడం ముంగట ఇజ్జత్ తియ్యకు, కైలాసం. కూసో!"

"కూసోను. మీ సన్మానపత్రం మీద ఉత్త హెడ్మాస్టరని రాస్తే ఊకుంటరా, రామేశ్వర్‌రావు సార్?"

మమతారాణి మేడం నవ్వాపుకుంటూ పెన్ను తీసింది. "పేరు చెప్పండి, రాస్తాను."

"బెల్లం..." అని హెడ్మాస్టరు నసిగాడు.

"అనసూర్య!" నూట ఇరవై గొంతులు ఒక్కసారి లేచాయి.

రోజూ వింటున్న పేరే. నేను మాత్రం ఒక్కనాడూ పలకలేదు. సిగ్గేసింది. ఆ రూలు ఇంగ్లీషు కోసం కాదని అప్పటికి గాని నా బుర్రకెక్కలేదు. అనసూర్య కాగితం మీద వేలు పెట్టి, "గిదేనా, కైలాసం సార్, పెద్దక్షరం?" అని అడిగింది. వంటింట్లోంచి పాఠమంతా వినేదన్నమాట.

మర్నాడు ఆకలి మీద పళ్లెం చాపి "అమ్మా, పప్పు" అన్నాను. గరిటె గాల్లోనే ఆగింది.

"పేరు లేదా నాకు, ఓంప్రకాశ్ సార్?"

నా వెనకాల కైలాసం దగ్గు నటించాడు. నేను గొంతు సవరించుకున్నాను.

"అనసూర్యమ్మా, జర పప్పు ఎయ్యి."

రెండు గరిటెలు పడ్డాయి.