గోడకు ఆనుకున్న మామ్మ

నా చిన్నప్పుడు, నూలు కూపన్ల మీద దొరికే యుద్ధం రోజుల్లో, కంకిపాడు దగ్గరి మా నేతగాళ్ల వీధిలో మాకూ పక్కింటి మామ్మకూ మధ్య ఒకటే గోడ. ఆవిడకు ఎవరూ లేరు. ఎప్పుడో జ్వరమొచ్చి చెవులు పోయాయి. పెదవులు చూసి మాట పోల్చుకునేది. పొద్దున్నే ఆ గోడకు వీపు ఆనించి కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఇటు మా నాన్న మగ్గం నేస్తుంటే ఆ అదురు ఆవిడ వీపుకు తెలిసేదట. నాన్న భోజనానికి లేస్తే ఆవిడా లేచేది.

ఊరి కబుర్లు ఆవిడకు చేరవేసేది నేనే. వెళ్లి భుజం తట్టి, ఎదురుగా కూర్చుని చెప్పేదాన్ని. బెల్లం ముక్క పెట్టేది. ఆ బెల్లం ఎంత తిన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఒక కార్తీకంలో తలారి డప్పు కొట్టుకుంటూ మా వీధికి వచ్చాడు. తుపాను వస్తోందనీ, కాలవ గట్టు నిలవదనీ, మధ్యాహ్నంలోగా అందరూ కంకిపాడు బడికి చేరాలనీ తాసీల్దారు గారి హుకుం. మామ్మ గుమ్మం ముందు కూడా నిలబడి కొట్టాడు. నేను చూశాను.

మగ్గానికి ఎక్కించిన పడుగు నూలు విప్పి సర్దే వ్యవధి లేదు. బండివాడు తొందరపెడుతున్నాడు. కూపన్ నూలంతా మగ్గం మీదే వదిలి రావలసి వచ్చిందని నాన్న కుమిలిపోతున్నాడు. మూటలు కడుతూ అమ్మ నన్ను పిలిచి, మామ్మకు చెప్పి వెంటబెట్టుకు రమ్మంది. గుమ్మం దాటానో లేదో, మా పెదనాన్న పిల్లలు బండి ఎక్కేస్తూ కనిపించారు. ముందు చోటు పోతుందని పరుగెత్తాను. తలారి చెప్పాడుగా అనుకున్నాను. చెవులు లేని మనిషికి డప్పు ఏం చెబుతుందో నాకు తెలియక కాదు. అమ్మ వచ్చి అడిగితే, మామ్మ వెనక బండిలో వస్తానందని అబద్ధమాడాను.

వెనక బండి బడికి వచ్చింది. అందులో మామ్మ లేదు. అప్పటికే గాలి ముదిరింది. కడుపు నొప్పి అని చెప్పి నేను ఓ మూల ముడుచుకుని పడుకున్నాను. దండోరా వేయించాను, నా పని అయిపోయిందన్నారు మునసబు గారు. ముసలీ ముతకా వచ్చారో లేదో సర్కారు చూసుకోవద్దా అన్నాడు నాన్న. గోడ పక్కన ఉన్నవాళ్లు మీరేం చూశారని ఎవరో అడిగారు. మా పిల్ల చెప్పే వచ్చిందంది అమ్మ.

మర్నాడు నాన్నా వాళ్లూ మొలలోతు నీళ్లలో నడిచి వెళ్లారు. మామ్మ ఇల్లు కూలిపోయింది. ఆవిడ మా అటక మీద ప్రాణాలతో దొరికింది. పక్కన ఉండ చుట్టిన మా పడుగు, తడి తగలకుండా ఉంది. గోడలో ఆగిన అదురు ఎంతకీ మళ్లీ మొదలవలేదేమిటా అని మా దొడ్డి తలుపు తోసుకుని వచ్చిందట. చూస్తే ఇంట్లో ఎవరూ లేరు, మగ్గం గుంటలోకి నీళ్లు దిగుతున్నాయి. ముందు పడుగు విప్పి పైకి చేర్చి, తర్వాత తాను ఎక్కిందట.

ఆవిణ్ణి బడికి తీసుకొచ్చేసరికి తాసీల్దారు గారు అక్కడే ఉన్నారు. అమ్మ ఎదురుగా కూర్చుని, "మా పిల్ల వచ్చి చెప్పిందిగా మామ్మా, ఎందుకు రాలేదు?" అంది.

మామ్మ అమ్మ పెదవుల మీంచి చూపు తిప్పి నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

"చెప్పిందమ్మా. పిల్ల చెప్పింది. ఇల్లు వదల్లేక నేనే ఉండిపోయాను."

దండోరా వేయించినా కదలని మొండివాళ్లకు సర్కారు ఏం చేయగలదండీ అన్నారు తాసీల్దారు గారు. అందరూ అవునన్నారు. ఆ రోజు నుంచి ఊరంతా ఆవిణ్ణి మొండి మామ్మ అనే పిలిచింది. పోయేదాకా ఆ పేరు మోసింది. నేను వెళ్లి భుజం తడితే మాత్రం ఎప్పటిలాగే బెల్లం ముక్క పెట్టేది.

ఇప్పుడు పటమటలో ఉంటున్నాను. టీవీలో తుపాను అనగానే కర్ర పట్టుకుని మా వాటాల్లో ప్రతి తలుపూ తడతాను. మనిషి బయటికి వచ్చి, నా మొహం చూసి, సరేనండీ అనేదాకా కదలను. అందరికీ ఫోన్లో వచ్చేసిందిగా బామ్మా అని మనవలు నవ్వుతారు. పక్కవాటా వాళ్లు నన్ను చాలా మంచిదాన్నంటారు. ఆ మాట విన్నప్పుడల్లా, ఆ రోజు బడిలోలాగే, తల దించుకుని ఊరుకుంటాను.